కడపటి విస్తరి



గడచిన మాసమున మాకు వచ్చిన జాబులలో నొకటి మమ్ము మిక్కిలి యాలోచింపజేసినది. వ్రాసిన యామె యొక యుమ్మడి కుటుంబమునకు చిన్న కోడలు. ఆమె తోడికోడలికి క్షయవ్యాధి యని వైద్యులు నిర్ణయించి మందు లారంభించిరట. నాటినుండి యింటిలో గుసగుసలు బయలుదేఱినవి. "అందఱము నొక్క కప్పు క్రిందనే యున్నాము, ఒక్క గాలినే పీల్చుచున్నాము, ఆమెకే యేల రావలెను?" అని యొకరును, "పుట్టినింటినుండి తెచ్చుకొన్నది కాబోలు" అని వేఱొకరును అనుచున్నారట. జాబు కడపట నామె రెండు ప్రశ్న లడిగినది. ఒకే యింటివారిలో నొకరికే వ్యాధి యేల వచ్చును? రోగికి వడ్డించి, గిన్నెలు తోమి, ప్రక్క సవరించు తనకు రాకుండుట కేమి చేయవలెను? ఈ మాసపు ప్రసంగమును ఈ రెండు ప్రశ్నలకే కేటాయించుచున్నాము.

మేము నివసించు తార్నాక, హైదరాబాదు నగరమున నుస్మానియా విశ్వవిద్యాలయమునకు ముంగిలివంటిది. తార్ అనగా తీగ. నాకా అనగా రాకపోకలను కనిపెట్టు కాపలాచోటు. పూర్వ మిచట తీగకంచె వేసిన నాకా యొకటి యుండుటచే నీ పేరు వచ్చినదని చెప్పుదురు. ఇప్పుడా కంచెయు లేదు, కాపరియు లేడు. బస్సులును, రైలును, విద్యార్థుల గుంపులును అడ్డులేక సాగుచున్నవి. కాని మన దేహమునకు మాత్రము నాకా లేనిదే యొక్క దినమైనను గడవదు. దాని కాపరులను పోషించు భారము వంటయింటిపై నున్నది. నేటి ప్రసంగమునకు మూల మిదియే.

మా తార్నాకలోనే, విశ్వవిద్యాలయపు చేరువను, జాతీయ పోషకాహార సంస్థ యున్నది. 1918లో సర్ రాబర్ట్ మెకారిసన్ అను వైద్యుడు నీలగిరులలోని కూనూరున, పాస్టరు సంస్థయందలి యొక్క గదిలో, బెరిబెరి వ్యాధిని శోధించుటకై చిన్న ప్రయోగశాలను పెట్టెను. ఉస్మానియా విశ్వవిద్యాలయము స్థాపితమైనదియు నా సంవత్సరముననే. నలువదేండ్ల పిమ్మట, 1958లో, ఆ ప్రయోగశాల హైదరాబాదునకు తరలివచ్చి విశ్వవిద్యాలయమునకు పొరుగైనది. 1969లో నిప్పటి పేరు తాల్చినది. ఇక్కడినుండి హబ్సీగూడవైపు కొంత దూరము పోయినచో జీవకణముల లోపలి వ్యవహారములను పరిశోధించు సి.సి.ఎం.బి. యను సంస్థ కనబడును. ఒకచోట అన్నమును, వేఱొకచోట కణమును శోధించుచున్నారు. రోగమును గ్రహించుట కీ రెండును గావలెను. ఏలయన రోగ మనునది క్రిమికిని శరీరమునకును నడుమ నడచు వ్యవహారము. ఒక్క క్రిమిని మాత్రమే చూచినవారికి సగము కథయే తెలియును.

మొదట కంచెను చూతము. మన దేహమునకు వెలుపలి కంచె చర్మము. ముక్కు, గొంతు, ఊపిరితిత్తులు, ప్రేవులు, వీని లోపలి తడిపొర రెండవ కంచె. ఈ పొర జిగటను ఊరించి క్రిములను పట్టుకొనును. ఊపిరిత్రోవలలో నైతే సన్ననినూగు వంటి వెండ్రుకలు నిరంతరము కదలుచు వానిని పైకి నెట్టివేయును. జీర్ణకోశమందలి పులుపు మూడవ కాపరి. ఇందు తడిపొర చెడకుండవలెనన్న విటమిను 'ఎ' యవసరము. అది కొఱవడిన బిడ్డకు మొదట మసకవెలుతురున చూపు తగ్గును. దీనినే రేచీకటి యందుము. పిమ్మట కన్ను పొడివాఱి, పుండుపడి, తుదకు చూపే పోవచ్చును. కంటికి కలిగిన యెండుదలయే లోపలి పొరలకును గలుగును. అట్టి బిడ్డకు తట్టు వచ్చెనేని, ఉన్న కొంచెపు విటమినును ఆ జ్వరమే హరించును. కన్నును, ఊపిరితిత్తులును ఒక్కమాఱే యపాయమున పడును. తార్నాక సంస్థవారు చేసిన పరిశోధనల యాధారముననే 1970లో మన దేశమున చిన్నబిడ్డలకు ఆఱు నెలల కొకమాఱు విటమిను 'ఎ' ద్రవము నిచ్చు కార్యక్రమ మారంభమైనది. ఆ చెంచాడు మందు ఇప్పించుచు, ఇంటిలో మునగాకు, తోటకూర, బొప్పాయి, గ్రుడ్డు, పాలు పెట్టు తల్లి కంచెను కట్టుచున్న దన్న మాట.

ఇక కంచెను దాటుటలో నేర్పరి యగు క్రిమిని చూతము. శాపభయమున పరీక్షిన్మహారాజు ఒంటిస్తంభపు మేడ యెక్కి, చుట్టును కాపు పెట్టించుకొని యుండగా, తక్షకుడు పండులో పురుగై లోన ప్రవేశించిన కథను మన మందఱ మెఱుగుదుము. వాకిటి కాపరు లెవ్వరు నా పండు నాపలేదు; రాజు తన చేతితోడనే దాని నందుకొనెను. క్షయక్రిమి పోక యిట్టిదే. రోగి దగ్గినప్పుడు కంటికి గానరాని తుంపరలతో నది గాలిలోనికి వచ్చును. ఆ గాలిని పీల్చినవారి యూపిరితిత్తుల యడుగున నున్న చిన్న గాలితిత్తులలోనికి చేరును. అచట మాక్రోఫేజి యను రక్షకకణము కాచుకొని యుండును. పరక్రిమి కనబడినంతనే దానిని మ్రింగి, తనలోని యామ్లపు సంచితో గలిపి జీర్ణించుట దాని పని. క్షయక్రిమిని గూడ నట్లే మ్రింగును. కాని యీ క్రిమికి మైనమువంటి దళమైన కవచము గలదు. అంతియకాక, తాను చిక్కిన యఱను ఆమ్లపు సంచితో గలియనీయక యడ్డగించు నేర్పును గలదు. ఇంకేమున్నది! తన్ను చంపవలసిన కాపరి యింటిలోనే కాపురము పెట్టును. 1882 మార్చి 24వ తేదీన రాబర్ట్ కాక్ అను వైద్యుడు బెర్లినులో నీ క్రిమిని లోకమునకు వెల్లడించెను. కాని యది కాపరి యింట నెట్లు బ్రదుకుచున్నదో తెలియుటకు మఱి యనేక దశాబ్దములు పట్టినది.

అంతటితో శరీరము చేతులు ముడుచుకొని కూర్చుండదు. తొలి కాపరి తన కష్టమును రసాయన సందేశములతో నితర కణములకు తెలుపును. అవి గుంపుగా వచ్చి, క్రిమి దాగిన చోటును చుట్టి, చిన్న బొడిపెగా గోడ కట్టును. వానిలో టి కణములు మాక్రోఫేజులకు బలమిచ్చి, లోనున్న శత్రువును సంహరింప పురికొల్పును. గోడ గట్టిగ నున్నంతకాలము క్రిమి చావకపోయినను లేవజాలదు. మనుష్యునకు దగ్గు లేదు, జ్వరము లేదు. ఇతరులకు వ్యాధిని అంటించుటయు లేదు. లోకమున నున్న జనులలో సుమారు నాలుగవ వంతు మందికి క్షయక్రిమి సోకియుండునని ప్రపంచ ఆరోగ్య సంస్థ యంచనా. అట్లు సోకిన నూఱుమందిలో జీవితకాలమున వ్యాధిపాలగువారు అయిదు మొదలు పదిమంది మాత్రమే. తక్కినవారి గోడ నిలుచును.

జాబు వ్రాసిన సోదరి మొదటి ప్రశ్నకు సమాధాన మిదియే. క్రిమి యొకరికే వచ్చినదని యెవ్వరును చెప్పజాలరు. ఆ యింటిలో మఱి కొందఱిలో నది గోడవెనుక నిదురించుచుండవచ్చును. ఆమె యందు గోడ సడలినది. ఇందు పాపము లేదు, పుట్టినింటి దోషమును లేదు. అత్తగారైనను, ఆడుబిడ్డయైనను ఆమె నడుగవలసిన ప్రశ్న "ఎవరినుండి తెచ్చుకొంటివి?" అనునది కాదు, "ఇన్నాళ్లు నీవు సరిగా తింటివా?" అనునది.

గోడను సడలించునవి పెక్కు గలవు. హెచ్.ఐ.వి. అందు ప్రబలమైనది. మధుమేహ మున్నవారికి క్షయ వచ్చు నవకాశము రెండు మూడు రెట్లు హెచ్చును. పొగత్రాగుట, మద్యము, వార్ధకము, ఇవియు కారణములే. అయినను మన దేశమున మిక్కిలి పెద్ద కారణములలో నొకటి ఆకలి. కాపరికణములు మాంసకృత్తులతోడనే తయారగును. ఛాతీలో గుండెకు పైన థైమస్ అను గ్రంథి యొకటి గలదు. టి కణములు పక్వమగుట కదియే పాఠశాల. తిండిలేక కృశించిన బిడ్డలలో నా గ్రంథియే ముడుచుకొనిపోవును. పాఠశాల మూతపడిన యూరిలో పండితులు పుట్టుదురా?

ఇంకొక విశేషము వినుడు. క్రిమికిని మనవలెనే ఇనుము కావలెను. జ్వరము వచ్చినప్పుడు శరీరము రక్తమునందలి యినుమును తీసి, కాలేయము మొదలగు చోట్ల భద్రపఱచి, శత్రువునకు చిక్కకుండ దాచును. దొంగల భయమున్న రాత్రి గృహిణి ధాన్యమును పాతరలో దాచినట్లు. ఇది మంచి యుపాయమే. కాని వ్యాధి నెలల తరబడి సాగినయెడల, దాచిన యినుము రక్తము తయారగుటకును అందదు, రోగి పాలిపోవును. గాదె ముందే ఖాళీగ నున్న యింటిలో దాచుట కేమున్నది? 2019–21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము 15 మొదలు 49 ఏండ్ల వయస్సుగల స్త్రీలలో రక్తహీనత గలవారు తెలంగాణములో నూటికి 57.6, ఆంధ్రప్రదేశములో నూటికి 58.8. మన గాదెలు సగమునకు పైగా వట్టివే యన్న మాట. అట్లని జ్వరమున్నప్పుడు తమంత తాముగా ఇనుపమాత్రలు మ్రింగరాదు. ఎప్పుడు, ఎంత యనునది వైద్యు నడిగి చేయవలెను.

ఇట్లు రోగము ఆకలిని చంపును, ఒడలిలోని మాంసమును కరగించును. కృశించిన యొడలు మఱల రోగమునకు చోటిచ్చును. గానుగయెద్దువలె నీ రెండును ఒకదాని వెనుక నొకటి తిరుగుచుండును. ఈ సందర్భమున లంఘనము పరమౌషధ మన్న మాటను గూడ నొకింత విచారింపవలెను. పుష్టిగల పెద్దవాడు ఒకటి రెండు దినములు ఆకలి లేక తేలికగా తిన్నచో నష్టము లేదు. కాని పసిబిడ్డకును, నెలల తరబడి మంచముపట్టిన రోగికిని తిండి మాన్పించుట శత్రువునకు సాయపడుటయే. వారికి కొంచెము కొంచెముగ నెక్కువసార్లు గంజి, పప్పుకట్టు, మెత్తని పెరుగన్నము పెట్టవలెను. విరేచనములగు బిడ్డకు తల్లిపాలు మాన్పరాదు.

అన్నముచే క్షయ నివారణ యగునా యను ప్రశ్నకు సమాధానము మన దేశముననే లభించినది. 2019 మొదలు 2022 వఱకు ఝార్ఖండ్ రాష్ట్రమున నాలుగు జిల్లాలలో 2,800 మంది క్షయరోగుల యిండ్లలో నొక పెద్ద పరిశోధన జరిగినది. ఆ యిండ్లలోని 10,345 మంది కుటుంబసభ్యులను కనిపెట్టి చూచిరి. రోగుల కందఱికిని మందులతోపాటు ఆహారపు సరకు లిచ్చిరి. ఇండ్లను రెండు భాగములు చేసి, ఒక భాగములో మాత్రము రోగి కుటుంబసభ్యులకును మనిషికి నెలకు 5 కిలోల బియ్యము, కిలోన్నర కందిపప్పు, విటమిను మాత్రలు ఇచ్చిరి. 2023లో ఫలితములు వెలువడినవి. సరకులు పొందిన కుటుంబములలో క్రొత్తగా క్షయ వచ్చినవారి సంఖ్య, పొందని కుటుంబములకంటె నూటికి 39 వంతులు తగ్గినది. ఊపిరితిత్తులలో పరీక్షచే క్రిమి రూఢియైన క్షయ నూటికి 48 వంతులు తగ్గినది. రోగులలో, మొదటి రెండు నెలలలో నూటికి 5 వంతుల బరువు పెరిగినవారికి మరణభయము నూటికి 61 వంతులు తక్కువయని తేలినది.

ఆ కందిపప్పు లెక్కను మన వంటయింటి కొలతకు తెత్తము. నెలకు కిలోన్నర యనగా దినమునకు 50 గ్రాములు, అనగా మనిషికొక నిండు గుప్పెడు. ఇది యేదో సీమనుండి తెప్పించుకొనవలసిన దివ్యౌషధము కాదు.

ఇచట నొక హెచ్చరిక చేయకున్న మా ప్రసంగము దోషమగును. అన్నము మందునకు బదులు కాజాలదు. పూర్వము క్షయరోగులను మదనపల్లె చెంతనున్న ఆరోగ్యవరమువంటి శానిటోరియములకు పంపి, మంచి గాలి, విశ్రాంతి, పుష్టికరమైన యాహారము నిచ్చెడివారు. 1956లో మదరాసున నారంభమైన ప్రసిద్ధ పరిశోధనలో, శానిటోరియమున మంచి తిండితో నున్న రోగులును, పేదయింట నల్పాహారముతో నున్న రోగులును, ఒకే మందులు క్రమముగ పుచ్చుకొన్నప్పుడు దాదాపు సమానముగనే స్వస్థులైరి. కావున క్రిమిని చంపునది మందు. వైద్యులు చెప్పిన గడువు, సాధారణముగ నాఱు నెలలు, నడుమ మానక పుచ్చుకొనవలెను. దగ్గు తగ్గినదని మానినయెడల మిగిలిన క్రిములు మందునకు లొంగనివగును. అన్నము గోడను నిలుపును. మందు శత్రువును హతమార్చును.

ఆ మదరాసు పరిశోధనతో రోగి సేవ ఆసుపత్రినుండి యింటికి వచ్చినది. ఇంటికి వచ్చిన దనగా గృహిణి చేతికి వచ్చిన దన్న మాట. ఇక జాబు వ్రాసిన సోదరి రెండవ ప్రశ్న. అరణ్యవాసమున ద్రౌపదీదేవికి లభించిన యక్షయపాత్ర కథను తలచుకొనుడు. అతిథులు, బ్రాహ్మణులు, భర్తలు, అందఱును భుజించు వఱకు నా పాత్ర తఱుగక పెట్టును; కడపట నామె భుజించిన పిమ్మటనే యానాటికి రిత్తయగును. కడపట తినుట గొప్పయని మన మా కథనుండి నేర్చుకొంటిమి. కాని యామె పాత్రలో నామె వంతు తప్పక యుండెను! మన యిండ్లలోని గిన్నె లక్షయములు గావు. కడపట కూర్చుండు నామె వంతు వచ్చునప్పటికి పప్పు అడుగంటును, కూర యయిపోవును. మిగిలినది అన్నమును, మజ్జిగయు, పచ్చడియు. క్షయ పురుషులకే యెక్కువగ వచ్చుచున్నదని లెక్కలు చెప్పుచున్న మాట నిజమే. అయినను రోగి ప్రక్కను గంటలకొలది కూర్చుండి, గుప్పెడు పప్పైనను తనకు మిగుల్చుకొనని యిల్లాలు గోడలేని కోటలో కావలి కాచుచున్నది. ఆమెను త్యాగమూర్తి యని పొగడుటకంటె, ఆమె విస్తరిలో పప్పు వడ్డించుట మేలు.

కావున సోదరీమణులకు మా మనవి యిది. వడ్డన ప్రారంభింపకముందే, వండినామె వంతు పప్పును, కూరను వేఱొక గిన్నెలో తీసి మూత పెట్టవలెను. దీనికి సిగ్గుపడ నక్కఱలేదు. అత్తలగువారు కోడండ్రకు స్వయముగ తీసి పెట్టినచో మఱియు శోభ. వీలైనయెడల అందఱును కూడి తినుట యుత్తమము. నెల కొకమాఱు ఇంటిలోని యందఱి బరువును చూచి గోడపై వ్రాసియుంచవలెను. కారణము లేక బరువు తగ్గినవారిని వైద్యునకు చూపవలెను. రెండు వారములకు మించిన దగ్గు, సాయంకాలపు జ్వరము, రాత్రి చెమటలు గలిగినయెడల కళ్లె పరీక్ష చేయింపవలెను. ప్రభుత్వపు ఆసుపత్రులలో పరీక్షయు, మందులును ఉచితముగ దొరకును.

రోగి యున్న యింటివారు గిన్నెలకు, గుడ్డలకు వెఱవ నక్కఱలేదు. క్షయ వానివలన రాదు. మూసిన కిటికీలకు వెఱవవలెను. కిటికీలు తెఱచి గాలిని, వెలుతురును రానిండు. దగ్గునప్పుడు రోగి నోటికి గుడ్డ యడ్డము పెట్టుకొనునట్లు మెల్లగ చెప్పుడు. కుటుంబసభ్యు లందఱును పరీక్ష చేయించుకొని, వైద్యులు చెప్పినయెడల నివారణ మందును పుచ్చుకొనవలెను. పుట్టిన బిడ్డకు బి.సి.జి. టీకా తప్పరాదు, పసిబిడ్డలకు వచ్చు భయంకరమైన క్షయనుండి యది కాపాడును. రోగి యాహారమునకై ప్రభుత్వము నిక్షయ పోషణ యోజన క్రింద నిచ్చు సొమ్ము, 2018లో నెలకు 500 రూపాయలుగ నారంభమై, 2024 నవంబరు 1వ తేదీనుండి 1,000 రూపాయలైనది. చికిత్స జరుగునంతకాలము నది రోగి బ్యాంకు ఖాతాలో పడును. ఆ సొమ్ము పప్పునకును, పాలకును, గ్రుడ్లకును వెచ్చమగునట్లు చూచుట గృహిణి బాధ్యత.

క్రిములు లేని లోకమున మనము పుట్టలేదు, పుట్టబోము. అవి గాలిలో, నీటిలో, మన యొడలిలోనే యున్నవి. వానికిని మనకును జరుగు వ్యవహారమున మన పక్షమున నిలుచు బలము కొంత వైద్యశాలలో నున్నది. కొంత మన పొయ్యిమీద నున్నది. పొయ్యిమీది బలమును ఇంటిలోని యందఱికిని సమముగ పంచుట మన చేతిలోని పని. నేటి రాత్రి వడ్డించునప్పుడు కడపటి విస్తరిలో నేమి పడుచున్నదో యొక్కమాఱు చూడుడు.